బీరువాలోని బెల్టు

"దుప్పట్లు ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పు సెవే. నా నెత్తి మీద పెట్టుకోనా?" అన్నాను. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

"పై అరలో పెట్టు."

"పై అరలో బాల ఏసు ఉన్నాడు. నీ బెల్టు కోసం ఆయన్ని దింపి దుప్పట్లు ఎక్కించనా?"

"ఏదో కింద ఓ మూల పడి ఉంది. అదేమన్నా నిన్ను అన్నం పెట్టమంటోందా?" అన్నాడు మా ఆయన సెవెరినో, స్తంభం ఎక్కే ఇనప ముళ్ళ చెప్పులు తుడుచుకుంటూ.

ఆ బెల్టు మా బీరువాలో చేరి నాలుగేళ్ళయింది. కరెంటు సహకార సంఘం వాళ్ళు లైన్‌మన్లకి తలా ఒకటి ఇచ్చారు. భుజాలకీ నడుముకీ తొడలకీ పట్టీలుండి, కాలు జారితే మనిషిని గాల్లోనే ఆపేసే రకం. ఈయన దాన్ని ప్లాస్టిక్ సంచీ కూడా విప్పకుండా తెచ్చి, మంచి దుప్పట్లు దాచుకునే అరలో పడుకోబెట్టి, నాలుగు కలరా ఉండలు వేసి తలుపు మూశాడు. ఏటా తనిఖీ రోజున సంచీతో సహా ఆఫీసుకి మోసుకెళ్తాడు. అక్కడి ఇంజనీరు పైనుంచే చూసి, "అబ్బ, కొత్తదానిలా ఉంచావే" అని మెచ్చుకుని సంతకం పెడతాడు. సాయంత్రానికి మళ్ళీ బీరువాలోకి. స్తంభం ఎక్కేది మాత్రం చనిపోయిన మా మామగారి తోలు బెల్టుతోనే.

"దాని చీటీ చదివావా అసలు?" అన్నాడు. "మొదటిసారి వాడిన తేదీ అందులో రాయాలి. రాసిన రోజు నుంచి అయిదేళ్ళు, అంతే. తర్వాత పారెయ్యాలి. రాయకపోతే దానికి వయసే రాదు."

"ఈ సంగతి ముందే చెప్పుంటే నా పుట్టిన తేదీ కూడా రాయించొద్దని మా అమ్మకి చెప్పేదాన్ని. ఈపాటికి పదహారేళ్ళ పిల్లలా ఉండేదాన్ని."

లెక్కలు చేసుకుంటున్న మా మైలిన్ కిసుక్కున నవ్వింది.

"నవ్వకే. రేపు తెల్లారేసరికి మీ నాన్నని ఎక్కించుకోడానికి ట్రక్కు వస్తుంది. అవతలి దీవిలో తుఫానుకి సగం స్తంభాలు విరిగి ఉన్నాయట. మూడు వారాలు వాటి మీద వేలాడాలి. ఆ ముసలి తోలు ముక్క నమ్ముకుని."

"ముసలిది అనకు సెండా." గుమ్మంలోంచి అత్తగారి గొంతు. ఆవిడని ఇంట్లో అందరం నానాయ్ అంటాం, అమ్మ అని. నానాయ్ శుక్రవారం శుక్రవారం చేసినట్టే, తోలు బెల్టుని ఒళ్ళో పెట్టుకుని కొబ్బరి నూనె రాస్తోంది. "మీ మామగారు ముప్పై ఒక్క ఏళ్ళు కట్టుకున్నారు. ఒక్కనాడు పడలేదు."

"నిజమే నానాయ్. అప్పటికి అది కుర్రది."

"ఆ కొత్తది కట్టుకుంటే తొడలు ఒరుసుకుపోతాయి," అన్నాడు సెవే. "పైగా మా టోటోయ్ ఊరుకుంటాడా? నాతోపాటు ఎక్కేవాడు, వాడి నోరు నీకు తెలుసుగా. మొన్న ఒకడు కట్టుకొస్తే, పాపాయిని ఉయ్యాల్లో వేశార్రా, పాలసీసా పంపండి అన్నాడు."

"పాలసీసా నేను కడిగిస్తాను. నువ్వు కట్టుకో."

ఇక మాటలతో అయ్యేలా లేదని వంగి ఆ సంచీ బయటికి లాగాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. దాని వెనకే ఇంకేదో వాసన. సంచీ అడుగున రూపాయంత కన్నం ఉంది. విప్పితే లోపల పీచూ, కాగితం ముక్కలూ, తెల్లటి నైలాన్ పోగులూ కలిపి అల్లిన గూడు. ఎడమ తొడ పట్టీ సగానికి పైగా కొరికేసి ఉంది. కలరా ఉండలు మాత్రం శుభ్రంగా ఇంకో మూలకి దొర్లిపోయి ఉన్నాయి.

"నాలుగేళ్ళు దాచావు సెవే. ఎలుక కాన్పుకి," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతలోనే తేరుకుని, "చూశావా మరి? ఈ నైలాన్ సరుకంతా ఇంతే. తోలైతే..." అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి నానాయ్ చేతుల్లోంచి తోలు బెల్టు తీసుకొచ్చాను.

"కట్టుకో. ఇక్కడే, వంటింటి గుంజకి. స్తంభం మీద వాలినట్టు వాలి చూపించు."

"పిచ్చా నీకు?"

"పిచ్చే. వాలు."

నవ్వుతూ నడుముకి బెల్టు బిగించాడు. పట్టీని గుంజ చుట్టూ తిప్పి కొక్కెం తగిలించాడు. పాదాలు గుంజ మొదట్లో ఆనించి, చేతులు కట్టుకుని, పడక్కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలాడు. బెల్టు కిర్రుమంది.

"ఇప్పుడేమంటావు సెండా? ఓ కప్పు కాఫీ కూడా ఇటు అందించు, ఇలాగే వాలి తాగుతాను."

నేను కప్పు అందుకోబోతున్నాను. పాత గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. వెనక్కి తిరిగేసరికి మా ఆయన చిలగడదుంపల బుట్టలో కూర్చుని ఉన్నాడు, కాళ్ళు పైకి. మైలిన్ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వేశాను.

నానాయ్ నవ్వలేదు. తెగిన కొస చేతిలోకి తీసుకుని చూస్తోంది. ఇనప రింగు ఊడొచ్చిన చోట కుట్టు మీద బొటనవేలితో రాసింది. నూనెలో నానిన దారం మెత్తటి పేస్టులా వేలికి అంటుకొచ్చింది.

"మెరుస్తోంది కదా అనుకున్నాను," అంది. "ప్రతి శుక్రవారం రాశాను."

సెవే బుట్టలోంచి లేవకుండానే, "నిన్న మార్కెట్టు దగ్గర పెద్ద స్తంభం ఎక్కాను," అన్నాడు మెల్లగా. "గంటసేపు దీని మీదే వాలి ఉన్నాను."

ఆ కాసేపూ దారికొచ్చినట్టే కనిపించాడు. లేచి నడుము సవరించుకున్నాడో లేదో, "టోటోయ్ దగ్గర పాతది ఇంకోటి ఉండాలి, అడిగితే..." అని మొదలుపెట్టాడు.

ఖాళీ అయిన అర తుడిచి, దుప్పట్లు ఒక్కొక్కటే మడిచి అందులో పెట్టాను. పొద్దుటి నుంచి దేనికోసం పోట్లాడానో అది దొరికింది. ఏం చేసుకోను?

భోజనాల వేళకి చింతపండు పులుసులో చేప ముక్కలు వేశాను. నానాయ్ ప్రార్థన చెప్పింది, రోజూ చెప్పే దానికన్నా చాలా చిన్నది. సెవే అన్నం కలుపుతున్నాడు, నోట్లో పెట్టుకోవడం లేదు. ఇరవై రెండేళ్ళుగా పైన పనిచేసే మనిషి. కింద నిలబడి తాడు లాగడం, పనిముట్లు అందించడం కొత్తగా చేరిన వాళ్ళ పని. అది తను చేసిన రోజులు ఈయన ఎవరికీ చెప్పుకోడు.

"రేపు నేను ఎక్కను," అన్నాడు, కంచంలోకి చూస్తూ.

నానాయ్ చెయ్యి ఆగింది.

"ట్రక్కులో వెళ్తాను. కింద ఉండి తాడు లాగుతాను. ఎలుక కొరికిన ఆ బెల్టు సంచీతో సహా పట్టుకెళ్ళి ఫోర్‌మన్‌కి నేనే చూపిస్తాను. ఎందుకిలా అయిందో కూడా నేనే చెప్తాను. కొత్తది చేతికొచ్చేదాకా పైకి వెళ్ళేది లేదు."

"మరి టోటోయ్ మామ ఏమంటాడో?" అంది మైలిన్.

"అననీ. వాడు పైన ఉంటాడు, నాకు సగమే వినబడుతుంది." చేప ముక్క తుంచి వాళ్ళమ్మ కంచంలో వేశాడు. "మైలిన్, నీ పెన్ను ఒకటి నా సంచీలో పెట్టు. కొత్తది కట్టుకున్న రోజే దాని చీటీలో తేదీ రాసేస్తాను."