కడిగిన వేళ్లు

కుండీలోంచి మొక్కను పైకి లాగగానే తొకియె ఉలిక్కిపడింది. పైన్ చెట్టు వేళ్ల నిండా తెల్లటి బూజు.

కినాషి ఊళ్లో మూడు తరాలుగా బోన్సాయ్‌లు, అంటే కుండీల్లో పొట్టి చెట్లు, పెంచుతున్న ఇంటి పెద్దాయన ఉత్సుమి. నేర్పమని తొకియె వెంటపడితే, విసుగెత్తి ఆ మొక్క చేతిలో పెట్టాడు. మార్చిలో మట్టి మార్చాలి. మే నెలకు కొత్త చిగుళ్లు లేస్తే పని నేర్పడానికి తోటలో చేర్చుకుంటాడు. లేకపోతే మళ్లీ గుమ్మం తొక్కకూడదు. ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

నిరుటిదాకా ఉడోన్ నూడుల్స్ దుకాణం నడిపిన మనిషి తొకియె. ఉడికిన నూడుల్స్‌ను చన్నీళ్లలో జిగురు వదిలేదాకా రుద్ది కడగడం ఆ చేతులకు నిద్రలో కూడా వచ్చు. బూజు చూశాక అవి ఊరుకుంటాయా? వేళ్లను జల్లెడలో పెట్టి, కుళాయి తిప్పి, ఒక్కొక్కటే తళతళలాడేలా తోమింది.

ఇప్పుడా దుకాణం చూసుకుంటున్న కోడలు మియుకి వెనకనించి తొంగిచూసింది. "పులుసు కూడా పొయ్యమంటారా అత్తయ్యా?"

మర్నాడు బూజు మందు కొనబోతే, మొక్కల దుకాణం ఆవిడ ఆశ్చర్యపోయింది. పైన్‌కి తిండీ నీళ్లూ అందించేదే ఆ బూజట. అది లేకపోతేనే అందరూ కంగారుపడతారట.

తొకియె మందు కొనకుండానే ఇంటికొచ్చింది. కొత్త మట్టిలో నాటిన మొక్క పచ్చగా, చక్కగా ఉంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. చస్తే చలిగాలి మీదికి నెట్టేయొచ్చు. కుండీ ఒళ్లో పెట్టుకుని కినాషి రైల్లో కూర్చున్నా అదే ఆలోచన. దిగాక మాత్రం అడుగులు ఉత్సుమి తోటవైపే పడ్డాయి.

"వేళ్లు కడిగేశాను మాస్టారూ. తెల్లగా ఉంటే రోగమనుకున్నాను."

"ఎంతమేర?"

"మొత్తం."

ముసలాయన మొక్కవైపు చూడలేదు, ఆమెనే చూశాడు. "ఉడోన్ వాళ్లకి మొక్కలివ్వొద్దని మా ఆవిడ మొత్తుకుంటూనే ఉంది."

లేచి వెళ్లి, తన ముసలి పైన్ కుండీ అంచునుంచి తెల్లటి పోగులున్న మట్టి పిడికెడు తవ్వి తెచ్చాడు. ఆమె మొక్క వేళ్ల చుట్టూ వెదురు పుల్లతో మెల్లగా దట్టించాడు. గాలి తగలని నీడలో ఉంచమన్నాడు, పైమట్టి ఆరితేనే నీళ్లు పొయ్యమన్నాడు.

"ఇంకేమీ చెయ్యకు. చేతులు దురదపెడితే నూడుల్స్ కడుక్కో."

ఏప్రిల్‌లో కింది కొమ్మ పసుపుబారింది, తర్వాత ఎండి గోధుమరంగుకు తిరిగింది. మందు చల్లాలనీ, కుండీలోంచి తీసి చూడాలనీ తొకియె ప్రాణం కొట్టుకునేది. అలాంటప్పుడల్లా నూడుల్స్ దుకాణానికి పోయి కోడలి పక్కన నిలబడేది. మియుకి జల్లెడ అందించేది.

మే నెల వచ్చింది. మొక్క కొసన లేత చిగుళ్లు కొవ్వొత్తుల్లా నిటారుగా లేచాయి. కింది కొమ్మ మాత్రం తిరిగి రాలేదు.

మొక్కను తోటకు తీసుకెళ్తే, ఉత్సుమి చిగుళ్లను వేలితో తాకి, కత్తెర తీసి ఆమె ముందు పెట్టాడు. ఎక్కడ కోయాలని తొకియె అడిగింది.

"చంపింది నువ్వు. నువ్వే చూసుకో."

తొకియె కుండీని ఒక చుట్టు తిప్పింది. మళ్లీ తిప్పింది. కొమ్మ మొదట్లో కత్తెర ఆనించి నొక్కింది. ఎండుకొమ్మ టక్కున రాలింది.

ముసలాయన గాయాన్ని కళ్లు చికిలించి చూశాడు.

"రేపు ఎండెక్కకముందే రా," అన్నాడు లేస్తూ. "తోటంతటికీ నీళ్లు పట్టాలి."