గీకితే ఊడిన చుక్క

నా ఎడమ చెయ్యి విరగ్గొట్టింది ఒక రాళ్లు కొట్టేవాడు. ఒక్క దెబ్బకే విరిగింది. రెండోది నేను పడ్డాక కొట్టాడు.

కాన్పుల ఆసుపత్రి గేటు దగ్గర నేను కాపలా. ప్రభుత్వ ఆసుపత్రి. మంగళవారం మంగళవారం కడుపుతో ఉన్నవాళ్లకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. తెల్లవారకముందే రెండు వందల మంది వరస కడతారు. ఒక్కొక్కరికీ ఒక కార్డు. బీపీ ఎక్కువున్నవాళ్ల కార్డు మీద నర్సమ్మ ఎర్ర ఇంకుతో చుక్క పెడుతుంది. చుక్క ఉంటే వరస లేదు, నేరుగా లోపలికి. అది చూసి గేటు తీయడమే నా పని.

ఆడవాళ్లు తెలివైనవాళ్లు. ఎండలో నాలుగు గంటలు నిలబడలేక గోళ్ల రంగు తెచ్చి తమ కార్డుల మీద తామే చుక్కలు పెట్టుకున్నారు. మొదలుపెట్టింది కందిరీగ. ఆమెకు ఆ పేరు వరసలోవాళ్లే పెట్టారు.

ఒక మంగళవారం చుక్కలవాళ్లే అరవై మంది తేలారు. నిజంగా బీపీ ఉన్న ఒకామె వెనకబడిపోయింది. వచ్చి కందిరీగ జుట్టు పట్టుకుంది.

"ఏమే, నీకు బీపీయా? నీతో కాపురం చేస్తున్నందుకు మీ ఆయనకి రావాలి గానీ!"

"చెయ్యి తియ్యి! తియ్యకపోతే కొరుకుతా!"

కొరికింది కూడా. మణికట్టు దగ్గర కండ లేచింది. ఇద్దరూ నిండు కడుపులతో నేల మీద దొర్లారు. విడదీయబోయిన ఒక అత్తగారికి మోచెయ్యి తగిలి పన్ను ఊడింది. నేను వెళ్తే చెప్పుతో మొహం మీద కొట్టారు. ఎవరి చెప్పో ఇప్పటికీ తెలియదు.

డాక్టరు నన్ను పిలిచాడు. "ఇంకొక్క దొంగ చుక్క లోపలికొచ్చిందంటే నువ్వు బయటికెళ్తావు" అన్నాడు.

అప్పట్నుంచి గోటితో గీకి చూడటం మొదలుపెట్టాను. ఇంకును కాగితం పీల్చుకుంటుంది, గీకినా పోదు. గోళ్ల రంగు పెచ్చులుగా లేస్తుంది. నేనే కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పే అలవాటు లేదు.

తర్వాతి మంగళవారం రాళ్లు కొట్టేవాడు భార్యనూ తల్లినీ గేటు దగ్గర దింపి, రోడ్డుకు అవతల మగవాళ్లలో నిలబడ్డాడు. అటునుంచి అటే పనికి పోవాలి, సుత్తి భుజాన ఉంది. ఆ పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో. మొహం ఉబ్బి ఉంది. అత్త కార్డు చాపింది. గీకాను. చుక్క ఊడి నా గోట్లో ఇరుక్కుంది.

"వెనక్కెళ్లండి."

"అయ్యో తాతా, నర్సమ్మే పెట్టింది! తల పగిలిపోతోందంటోంది, కళ్లు మసకలంటోంది పిల్ల!"

"అందరికీ నర్సమ్మే పెడుతుంది."

వరసలోంచి కందిరీగ పకపకా నవ్వింది. "ఏం రంగు పిన్నీ? నాదానికంటే మెరుస్తోందే!"

"నీ నోరు పడిపోను!" అంది అత్త.

ఆ పిల్ల నడుము పట్టుకుని వెనక్కి నడిచింది.

గంట గడిచింది. వరస చివర కేకలు లేచాయి. చూస్తే ఆ పిల్ల నేల మీద విల్లులా వంగి కొట్టుకుంటోంది. మడమలు రాతికేసి బాదుకుని తోలు లేచిపోయింది. నాలుక కరుచుకుంది. నోట్లోంచి నురగ, నురగలో నెత్తురు.

తాళం తీయబోయాను. తాళంచెవి జారి కింద పడింది. ఈలోగా వాడు రోడ్డు దాటి వచ్చేశాడు. సుత్తితో రెండు దెబ్బలు. గేటు గొలుసు తెగింది. గేటు రెక్క వచ్చి నా మూతి పగలగొట్టింది.

"తియ్యనన్నావా? ముసలి నా కొడకా, తియ్యనన్నావా?"

సుత్తి తిరగేసి కర్రతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పడ్డాను. డొక్కలో రెండో దెబ్బ. మూడోసారి ఇనుప వైపు ఎత్తాడు, నా తలకు గురిపెట్టి. వాడి తల్లి వాడి కాళ్లకు చుట్టుకుంది.

"ముందు దాన్ని ఎత్తరా! వీణ్ణి చంపడం తర్వాత!"

వాడు సుత్తి పారేసి భార్యను భుజాన వేసుకున్నాడు. లోపల అడ్డొచ్చిన బల్లను తన్నాడు. డాక్టరు చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. పిడికిలితో కిటికీ అద్దం పగలగొట్టాడు. ఆ చేత్తోనే మళ్లీ డాక్టరు మీదికి వెళ్తుంటే నర్సమ్మ వచ్చి వాడి చెంప ఛెళ్లుమనిపించింది.

"కొట్టింది చాలు. పిల్ల కాళ్లు పట్టుకో. కదలనివ్వకు."

వాడు పట్టుకున్నాడు. వాడి చేతి నెత్తురు భార్య కాళ్లకంతా అయింది. నర్సమ్మ రెండు తుంట్లలోనూ మూర్ఛ ఆగే సూది దించింది. అయినా చాలాసేపు ఆ ఇనుప మంచం గోడకేసి కొట్టుకుంటూనే ఉంది. నేను వేలాడే చేత్తో గుమ్మంలో నిలబడి చూశాను.

కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు. తల్లి మూడో రోజు కళ్లు తెరిచింది.

నా చేతికి కట్టు కట్టేటప్పుడు నర్సమ్మ సొరుగులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర గోళ్ల రంగు.

"ఇంకు అయిపోయి పది రోజులైంది. రాసి పంపాను, రాలేదు. నా సీసానే వాడాను."

"నాకొక్క ముక్క చెప్పుంటే..."

"గీకుతున్నానని నువ్వు చెప్పావా తాతా?"

చెప్పలేదు.

పోలీసు వచ్చి ఎవరు కొట్టారని అడిగాడు. గేటు మీద పడ్డానన్నాను.

"రెండుసార్లు పడ్డావా?"

"ముసలోణ్ణి కదా."

రాసుకుని పోయాడు.

నర్సమ్మ పై ఆఫీసుకు మళ్లీ రాసింది. ఈసారి చచ్చిపోయిన బిడ్డ గురించీ రాసింది, చుక్క ఎవరు పెట్టారో, ఎవరు గీకారో కూడా రాసింది. ఏడాదికి గేటు దగ్గరే బీపీ మిషను పెట్టారు. ఇప్పుడు చుక్కలు లేవు. వచ్చినవాళ్లందరికీ ముందు నేనే చేతికి పట్టీ చుడతాను. పై అంకె నూట నలభై అయినా, దాటినా గేటు తీస్తాను. చెల్లెల్ని తీసుకొచ్చిన కందిరీగ ఒకరోజు మిషను చుట్టూ తిరిగి చూసి, "దీనికి రంగు పుయ్యడం కుదరదే" అంది.

రెండేళ్లకు ఆ రాళ్లు కొట్టేవాడూ భార్యా మళ్లీ వచ్చారు. ఆ పిల్లకు ఏడో నెల. వాడు రోడ్డుకు అవతల ఆగలేదు, ఆమె పక్కనే వచ్చాడు. ఆమె చెయ్యి చాపింది. నా చెయ్యి వంకరగా అతుక్కుంది. పట్టీ జారిపోతుంటే వాడే కొస పట్టుకున్నాడు. ముగ్గురం అంకె వైపు చూశాం.

నూట యాభై ఆరు.

వాడి చెయ్యి పట్టీ మీదే బిగుసుకుపోయింది. నేను లేచి గేటు తీశాను.

"నర్సమ్మా!" అని అరిచాను. నేను అరవడం అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. వరసంతా తిరిగి చూసింది. "నర్సమ్మా! ఆ పిల్లే! నూట యాభై ఆరు! రా!"