పెరిగిన బండ

రాళ్ళపేట మగాళ్ళు పొద్దున్నే సముద్రానికి వెళ్తూ గున్నమ్మ పాక ముందు ఆగుతారు. గున్నమ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ ఉంటుంది. నోట్లోంచి చుట్ట తీసి, ఒక్కొక్కణ్ణీ ఎగాదిగా చూసి, "ఎళ్ళిరా" అంటుంది. ఆ మాట పడితేగానీ ఎవడూ పడవ నీళ్ళలోకి దింపడు. ఆ మాట పడినవాడు చేప దొరికినా దొరక్కపోయినా ఇంటికి మాత్రం వచ్చి తీరతాడు.

లోపల ఆవిడ మనవరాలు అనిత డబ్బా మూత తీసి చూస్తుంది.

"మామ్మా, బియ్యం అయిపో..."

"నోర్ముయ్యే! అయిపోయాయి అనకూడదు. నిండుకున్నాయి."

అనిత ఎసరు పెట్టి వచ్చేసరికి డబ్బా నిండుగా ఉంటుంది. అందరిళ్ళలోనూ బియ్యం నిండుకోవడమంటే అడుగు కనబడటం. గున్నమ్మ ఇంట్లో నిండుకోవడమంటే నిండుకోవడమే. దీపం ఆరితే ఆవిడ అందరిలాగే "కొండెక్కింది" అనేది. అనిత ఊరి వెనక కొండెక్కి దాన్ని తెచ్చుకోవలసి వచ్చేది. విసుగెత్తి బల్బు పెట్టించుకుంది.

మనవాళ్ళు తాళి తెగిందనరు, గాజు పగిలిందనరు. పెరిగింది అంటారు. గున్నమ్మ ఆ మర్యాద కుండలకీ వలలకీ కూడా ఇచ్చేసింది. చిరిగిన వల తెచ్చి ఆవిడ ముందు పడేస్తే, "అయ్యో, పెరిగిపోనాదేట్రా" అంటుంది. వల చక్కగా పెరుగుతుంది. పేటలో ఇదేమీ వింత కాదు. ఒకరి చెయ్యి మంచిదంటాం కదా, ఆవిడ నోరు మంచిది.

చిక్కల్లా ఇంటిస్థలం దగ్గర వచ్చింది.

కిందటి తుఫానుకి సముద్రం వాళ్ళ పొయ్యి దాకా వచ్చి వెళ్ళింది. ఇంకో తుఫాను వస్తే పాకను తీసుకునే వెళ్తుంది. అదృష్టం బాగుండి అనితకి మెరక మీద స్థలం, ఇల్లు మంజూరయ్యాయి. నెలాఖరులోగా పునాది లేవకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది. ఇల్లు కట్టాకే పెళ్ళి అని మొండికేసి, భోగాపురంలో చేపలమ్ముతూ ముప్పై దాటించేసిన పిల్లకి అది చిన్న సంగతి కాదు. తీరా చూస్తే స్థలం మధ్యలో మోకాలెత్తు నల్లబండ ఉంది.

గునపాలు వంగాయి. బ్రేకరు తెస్తే నేలంతా అదిరి, పక్కింటి జగన్నాధం గోడ పెచ్చులూడింది. "ఒలే అనితా, నీ ఇల్లు లెగాలని నా ఇల్లు కూలగొడతావేటే?" అని ఆయన లుంగీ ఎగ్గట్టి నిలబడ్డాడు. మందుగుండు మాట ఎత్తడానికే లేదు. చివరికి మేస్త్రీ సూరయ్య కబురు పెడితే, గరివిడి నుంచి కామేష్ అనే అతను ట్రాలీ ఆటోలో బండలు చీల్చే స్ప్లిట్టరు వేసుకుని వచ్చాడు.

సన్నటి మనిషి, నెమ్మదైన మాట. బండకి వరసగా మూడు బెజ్జాలు వేసి, ఒక్కోదాంట్లో ఒక ఇనపచీల దింపాడు. "పంపులోంచి ఆయిలు తోస్తాది, లోపల చీల మందమవుతాది, బండ రెండుగా జరుగుతాది. అంతేనండి. పక్కింటి గోడ మీద బల్లి కూడా బెదరదు" అన్నాడు.

అన్నట్టే అయింది. టిక్కుమని చిన్న చప్పుడు. బండ మీద వెంట్రుకంత గీత కనబడింది. చూడ్డానికి వచ్చిన గున్నమ్మ సంతోషం పట్టలేక చప్పట్లు చరిచింది.

"ఓలమ్మోలమ్మ! బండ పెరిగిందే!"

గీత మూసుకుంది. బండ ఇడ్లీపిండిలా పొంగి, చీలల్ని బయటికి ఉమ్మేసి, నడుమెత్తున ఆగింది.

కామేష్ మీటరు చూశాడు. "ప్రెజరు బాగానే ఉన్నాదండి."

"ప్రెజరు కాదు బాబూ, మామ్మ పెరిగిందన్నాది" అన్నాడు సూరయ్య.

"అదా! ముందే సెప్పాలి కదండీ, బెజ్జాలు ఇంకొంచెం లోతుగా ఏసేవోణ్ణి" అని కామేష్ మళ్ళీ డ్రిల్లు అందుకున్నాడు.

మర్నాడు అనిత ఉపాయం పన్నింది. కళ్ళ డాక్టరు నెపంతో మామ్మని గంగులు ఆటోలో భోగాపురం పంపేసింది. ఇక్కడ బండకి గీత పడగానే ఎవరో గంగులుకి ఫోన్ చేశారు. వాడు ఊరుకుంటాడా! "బండ పగిలిందంట మామ్మా!" అని అరిచాడు.

"సీ ఎదవా! శుభమా అని ఇల్లు కడతంటే పగలడమేట్రా? పెరిగిందను" అంది గున్నమ్మ, కళ్ళలో చుక్కలు వేయించుకుంటూ.

అంత దూరాన ఉన్న బండ ఆ మాట విననే విన్నది. ఛాతీ ఎత్తు పెరిగి, జగన్నాధం గోడకి జారగిలబడింది.

ఆ మధ్యాహ్నం కామేష్‌కి చేపలపులుసు వడ్డిస్తూ అనిత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నెలాఖరు తోసుకొచ్చేస్తోంది.

"నేను చాలా ఊళ్ళలో బండలు తీశానండి. తీసేకొద్దీ పనిచ్చే బండ ఇదొక్కటే. నాకైతే ఏ తొందరా లేదు" అన్నాడు అతను తలొంచుకుని.

ఏడుపు మధ్యలో నవ్వు రావడం ఎంత ఇబ్బందో అనితకి అప్పుడు తెలిసింది. అతని ఆకులో ఇంకో ముక్క వేసింది.

మామ్మ రాగానే పక్కన కూర్చుని బతిమాలింది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పగిలింది అనవే మామ్మా."

గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. అనితకి కారణం తెలుసు, పేటకంతటికీ తెలుసు. గున్నమ్మ కొత్త కాపురం రోజుల్లో, కూరలో ఉప్పెక్కువైందని మొగుడు రుసరుసలాడుతూ బయల్దేరాడు. "ఎల్తే ఎల్లు" అంది ఆవిడ. "రా" అనలేదు. ఆ రోజు పడవ వచ్చింది, వల వచ్చింది, తోటివాళ్ళు వచ్చారు.

"నోటిమాటకి గురి ఉండదే అమ్మా" అంది గున్నమ్మ. "పగిలిందన్నానంటే బండ ఒక్కటే పగుల్తాదేటి? ఎవుడి గోడ పగుల్తాదో, ఎవుడి గుండె పగుల్తాదో. నా వల్ల కాదు. సముద్రం వొస్తే రానీ."

అనిత ఇంక అడగలేకపోయింది. మామ్మ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

మర్నాడు పొద్దున గున్నమ్మ తనే బండ దగ్గరికి వచ్చి, కామేష్ బెజ్జాలు వేస్తుంటే జాలిగా చూసింది.

"ఎంత కొట్టినా ఇది నీకు లొంగదేట్రా బాబూ?"

"ఇది కొట్టీది కాదు మామ్మా." అతను డ్రిల్లు ఆపి, బెజ్జాల్లో చీలలు దింపి, ఆవిడ అరచెయ్యి తీసి బండకి ఆనించాడు. "కొట్టడమంటే పైనుంచి. ఇది లోపల కూకుంటాది. అటు కొంచెం జరుగు, ఇటు కొంచెం జరుగు అని మెల్లగా అడుగుతాది. బండే దారిస్తాది."

"అయితే గుమ్మడి మొగ్గలాగన్నమాట."

"అచ్చం అలాగే."

చేపల బుట్టతో బజారుకి బయల్దేరిన అనిత టక్కున ఆగిపోయింది. బుట్ట కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"మరి పొద్దున్నే మొగ్గ పగుల్తాదా మామ్మా?"

"సీ, మొగ్గ పగలడమేటే! మొగ్గ ఇచ్చుకుంటాది."

అనిత కామేష్ కేసి చూసింది. అతను పంపు నొక్కాడు. టిక్కుమంది. గీత పడింది. జగన్నాధం తన గోడని రెండు చేతులా పట్టుకున్నాడు. గున్నమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఓలమ్మ! బండ ఇచ్చుకున్నాదే!"

విచ్చుకుందని ఆవిడ ఉద్దేశం. కానీ ఆ యాసలో ఇచ్చుకోవడమంటే తన దగ్గరున్నది ఇచ్చేయడం కూడా. బండకి రెండూ వినబడినట్టున్నాయి. ముందు రేకరేకగా విచ్చుకుంది. లోపల దానిమ్మగింజల్లా ఎర్రటి పలుకులు తళతళలాడాయి. తర్వాత ఒక్కో రేకా పునాదిరాళ్ళుగా విడిపోయి, దొర్లుకుంటూ వెళ్ళి, ముగ్గు పోసిన గీతల వెంట వరసగా సర్దుకుంది. దుమ్మన్నది లేదు. జగన్నాధం గోడ మీద బల్లి బెదరలేదు.

"మేస్త్రీనని నాకు ఏటీ మిగల్సలేదు సూడు" అని సూరయ్య నిష్ఠూరపడ్డాడు.

అనిత మామ్మని వాటేసుకుని చిన్నపిల్లలా గెంతింది. శుక్రవారం నాటికి ఆ రాళ్ళ మధ్య సిమెంటు పడింది, పునాది లేచింది. అధికారులు వచ్చి ఫోటోలు తీసుకుని, బాగుందని వెళ్ళారు.

అప్పటిదాకా ఏదో సాయమంటూ ఆగిన కామేష్ సామానంతా ట్రాలీలోకి ఎక్కించి, గున్నమ్మ ముందు చేతులు జోడించాడు.

"ఎల్తాను మామ్మా."

చుట్టూ ఉన్నవాళ్ళు నొచ్చుకున్నారు. గున్నమ్మ అతని చొక్కా పట్టుకుంది. "ఎల్తానంటారేట్రా? ఎళ్ళొస్తాననాల."

"మా పనికి అది కుదరదు మామ్మా. బండ తీసేశాక ఆ ఊరికి మళ్ళీ మమ్మల్ని ఎవరు పిలుస్తారు?" నవ్వుతూనే అన్నాడుగానీ, చూపు అనిత మీద ఉంది. అనిత పునాదికి నీళ్ళు కొడుతోంది. కొట్టిన చోటే కొడుతోంది.

గున్నమ్మ చుట్ట తీసింది.

"ఎళ్ళిరా, బాబూ."

ట్రాలీ రోడ్డెక్కింది. అనిత చెంబు పడేసి వచ్చింది.

"ఏటన్నావే మామ్మా?"

"పేటలో అందరికీ అనీదే అన్నాను."

"ఆళ్ళకి రావడానికి ఇల్లున్నాది. అతనికి ఇక్కడేటున్నాది?"

గున్నమ్మ పునాది కేసి చూసింది, మనవరాలి కేసి చూసింది. "లేస్తన్నాది కదే" అంది.

అనిత మళ్ళీ చెంబు అందుకుంది. సాయంత్రం పడవలు ఒడ్డుకి చేరే వేళకి, ఎవరూ చెప్పకుండానే పొయ్యి మీద రోజూ పెట్టేదానికన్నా పెద్ద గిన్నె పెట్టింది. మెరక రోడ్డు మీద ట్రాలీ ఆటో చప్పుడు వినబడింది. ఆమె ఇంకా డబ్బా మూత తియ్యనేలేదు, గుమ్మంలోంచి మామ్మ కేక వేసింది.

"ఒలే అనితా, బియ్యం నిండుకున్నాయే!"