శుక్రవారం చెప్పని మాట

బసవపున్నయ్య చేపల చెరువులో ఆక్సిజన్ మీటరు పెట్టించింది ఆయన అన్న కూతురు నాగవల్లి. విజయవాడలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతూ పరిశోధన చేస్తోంది. గుండె లయ తప్పే ముందూ, కరెంటు గ్రిడ్డు కుప్పకూలే ముందూ, చెరువు పాడయ్యే ముందూ ఒకే గుర్తు కనిపించవచ్చని ఆమె నమ్మకం. చిన్న దెబ్బ తగిలినా కోలుకోవడానికి రోజురోజుకీ ఎక్కువ సమయం పట్టడమే ఆ గుర్తు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కంకిపాడు దాటి వచ్చి గట్టు మీద స్కూటీ ఆపింది. హెల్మెట్ కూడా తీయకుండానే అంది.

"బాబాయ్, రేపే చేపలు పట్టించెయ్యాలి."

"మీటరు నాలుగు చూపిస్తోంది కదమ్మా, చేపలకు అది చాలు. నీళ్ల రంగూ బాగానే ఉంది."

"నాలుగు సంగతి కాదు. రాత్రి పడిపోయిన ఆక్సిజన్ పోయిన వారం పొద్దున ఎనిమిదింటికల్లా కోలుకునేది. ఇవాళ పదకొండు దాటింది. ఒక్కరోజు మబ్బు పట్టి ఎండ లేకపోతే ఇక కోలుకోదు."

"ఏ రోజు?"

"అది చెప్పలేను. అంచు దాకా వచ్చిందని మాత్రం చెప్పగలను."

ఆయన ముఖం బిగుసుకుంది. నిరుడు ఇలాగే ఆమె మాట విని ఎదగని చేపల్ని పట్టించేశాడు. పక్క చెరువుల్లో ఏమీ కాలేదు. ఆయన చేపలకు 'లెక్కల చేపలు' అని పేరు పెట్టి ఊరంతా నవ్వింది.

చెరువు నీళ్లు మార్చడానికి కాలవలో నీళ్లు లేవు. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఉన్న రెండూ తిరుగుతూనే ఉన్నాయి. బసవపున్నయ్య చెరువు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. తర్వాత వలల మేస్త్రీ వెంకటకృష్ణారావుకి ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున్నే రండి. ఎందుకని అడక్కండి."

సోమవారం సూర్యుడు కనిపించలేదు. ఆకు కదలడం లేదు. వల సగం దూరం వచ్చేసరికి అవతలి మూల చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. మీటరు ఒకటికి పడింది.

"లాగండ్రా! ఆగొద్దు!" మేస్త్రీ గొంతు చించుకున్నాడు.

నాగవల్లి నడుములోతు నీళ్లలోకి దిగి తాడు పట్టుకుంది. చేపలు మోకాళ్లకు కొట్టుకుంటున్నాయి. అరచేతులు చీరుకుపోయాయి. పదింటికల్లా మూడింట రెండొంతులు బతికుండగానే ఐసులోకి చేరాయి. మిగిలినవి తెల్లటి పొట్టలతో తేలి గట్టుకు కొట్టుకొచ్చాయి.

లారీ వెళ్లాక ఆమె బాబాయి పక్కన కూలబడింది.

"ఇది నాకు శుక్రవారమే కనిపించింది బాబాయ్. మళ్లీ తప్పవుతుందేమోనని నోరు మెదపలేదు. అప్పుడే చెప్పుంటే అన్నీ దక్కేవి."



"నిన్న ఫోన్ చేసేముందు నేనూ వెనకాడానమ్మా," అన్నాడాయన. "నవ్వేవాళ్లు నవ్వుతారు. కనిపించిన రోజునే చెప్పు. వినాలో మానాలో నేను చూసుకుంటాను."

చచ్చిన చేపల్ని పూడ్చడానికి పలుగు అందుకుని లేచాడు. నాగవల్లి తువ్వాలు చింపి అరచేతులకు చుట్టుకుని, పార తీసుకుని వెంట నడిచింది.