నడిమి ముక్కలు

ఆదివారం చర్చి నుంచి రాగానే కొంగు దోపుకుని శీలావతి చేప కోసి పులుసు పెట్టడం నా పని. "ఆరు రోజులు ల్యాబులో చేపలు కోసి ఏడో రోజు ఇంట్లో కోస్తావు. దేవుడే ఏడో రోజు పని మానేశాడు కదమ్మా" అని మా అమ్మాయి జెస్సికా నవ్వుతుంది. నాకు రోషం వస్తుంది గానీ ఎవరి మీద చూపించను?

విజయవాడలో చేపల పరిశోధన ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం నాది. రిజర్వాయరులో పట్టిన కొర్రమేనుల్ని కోసి ఏం తిన్నాయో, ఎంత ఎదిగాయో చూడాలి. కొర్రమేను చిన్న చేపల్ని తిని బతుకుతుంది. నీళ్ళు తగ్గి అంచున గడ్డి ఎండిపోతే ఆ చిన్న చేపలు గుడ్లు పెట్టవు, దీనికి తిండి ఉండదు. కొర్రమేను పొలుసు మీద చెట్టు మానులో లాగే వలయాలుంటాయి. తిండి దొరికిన ఏడాది వలయం వెడల్పుగా, కరువు ఏడాది ఇరుగ్గా పడుతుంది. ఒకే ఈడు చేపలు రెంటిని పక్కపక్కన పెడితే ఒకటి రెండోదాంట్లో సగముంటుంది. జాతి లోపం కాదు, నోటికందిన దాంట్లో తేడా. ఇదంతా మా అత్తగారు సంపూర్ణమ్మ గారికి ఒకసారి చెప్పబోయాను. "చేపలు కొయ్యటానికి ఎమ్మెస్సీ ఎందుకు స్టెల్లా, మా కంకిపాడులో వేలిముద్ర వాళ్ళు కోస్తారు" అన్నారు. మా ఆయన స్టీఫెన్ పేపరు మడిచి మరీ నవ్వాడు.

పోయిన నెల జెస్సికా స్కూల్లో ప్రేయర్ జరుగుతుంటే కళ్ళు తిరిగి పడిపోయింది. బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరమ్మ రక్తపరీక్ష రిపోర్టు చూసి, "ఒంట్లో రక్తమే లేదు. పిల్ల ఏం తింటోంది?" అని నన్నే అడిగింది. "అది పెట్టినా ముట్టదండీ" అని స్టీఫెన్ చెప్పాడు. నేను అవునన్నట్టు తలూపాను కూడా. కొర్రమేను ఏం తిందో చెప్పగలను, కన్నకూతురు ఏం తింటోందో చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పట్నుంచి గమనించడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ముందు స్టీఫెన్, అత్తయ్య, మా అబ్బాయి యేసుకుమార్ కూర్చుంటారు. నేను వడ్డిస్తాను. రోజూ కూరలో మంచిదంతా, ఆదివారమైతే నడిమి ముక్కలు వాళ్ళకి. "మగపిల్లాడు, ఎదిగే వయసు" అని అత్తయ్య తన ముక్క కూడా వాడికే వేసి తను తోక చీకుతారు. జెస్సికా వాడికంటే రెండేళ్ళు పెద్దది, వాడి చెవి దాకా కూడా రాదు. దాన్ని ఎవరూ కూర్చోవద్దనలేదు. పిలిస్తే "నేను అమ్మతో తింటాలే" అంటుంది. ఆ మాటకి ఇన్నాళ్ళూ మురిసిపోయాను. అందరూ లేచాక వంటింట్లో మేమిద్దరం తలకాయా, అడుగున మిగిలిన పులుసూ కలుపుకుని కబుర్లాడుకుంటూ తినేవాళ్ళం. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన ఘడియ అదే. నా బిడ్డని ఎవరూ మాడ్చలేదు. నా మీద ప్రేమతో నా పక్కన కూర్చుని మాడింది.

ముందు తినెయ్యమని చెప్పి చూశాను. "పాపం, నువ్వొక్కదానివే తింటావా?" అంది. స్టీఫెన్‌తో అంటే "కూర్చోమను, నేనేమన్నా కాదన్నానా?" అన్నాడు. నిజమే, ఈ ఇంట్లో ఎవరూ దేన్నీ కాదనరు. ఇక నేను కూర్చుంటే తప్ప అది కూర్చోదు. పెళ్ళయ్యాక నేను ఈ బల్ల దగ్గర అందరితో కలిసి కూర్చున్నది లేదు.

ఈ ఆదివారం గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి నేనూ కూర్చున్నాను. "ఎవరిక్కావాల్సింది వాళ్ళు వేసుకోండి. జెస్సీ, రా" అన్నాను. అది వచ్చి పక్కన కూర్చుంది. దాని కంచంలో ఓ నడిమి ముక్క, నా కంచంలో ఇంకోటి వేశాను. "ఒంట్లో బాలేదా?" అన్నారు అత్తయ్య, నిజంగానే కంగారుపడి. స్టీఫెన్ తన ఖాళీ కంచం వైపు చూసుకున్నాడు. యేసుకుమార్ నాన్న మొహం, నా మొహం మార్చి మార్చి చూశాడు. ఎవరైనా కోప్పడితే బాగుండేది, జవాబు చెప్పేదాన్ని. ఎంతసేపటికీ ఎవరి చెయ్యీ గిన్నె మీదకి పోలేదు. లేచి వడ్డించమని నా కాళ్ళే నన్ను పోరుతున్నాయి. లేవలేదు.

జెస్సికా లేచింది. "నువ్వు కూర్చోమ్మా, నేను వడ్డిస్తాగా" అని గరిటె అందుకుని, ముందుగా తన కంచంలో ముక్క తీసి తమ్ముడికి వేసింది.