పొద్దుండగా పెట్టిన దీపం

పెళ్లానికి ఇంగ్లీషు నేర్పే మొగుళ్లు ఆ రోజుల్లో సిద్దిపేటంతా వెతికినా దొరకరు. రామేశ్వర్ పంతులు ఒక్కడే ఆ పని పెట్టుకున్నాడు. ఒకనాడు ‘కోల్డ్’ అనే మాట చెప్పాడు.

“కోల్డంటే సల్లగ. మనసుల ప్రేమలేని మనిషిని గూడ గట్లనే అంటరు.”

జ్ఞానేశ్వరి పక్కున నవ్వింది. “సల్లగుండుమని దీవిస్తం గదా! గది తిట్టెట్లయితది? గసొంటి మనిషిని ఎవరినన్న చూపెట్టుండ్రి.”

పంతులుకు ఎవరూ తోచలేదు. పక్కింటి భారతమ్మ పిలవకుండానే వచ్చి పచ్చిపులుసు ఇచ్చిపోయే రోజులవి.

బడి వెనక మూడురంగుల జెండా ఎగరేశాడని పంతులును నిజాం పోలీసులు పట్టుకుపోయారు. అంతే, వీధిలో ఎవరూ ఆ గడప తొక్కలేదు. రజాకార్ల కాలం, ఎవరి ప్రాణం వారికి తీపి.

పుష్యమాసంలో జ్ఞానేశ్వరి అత్త సాయవ్వకు చలిజ్వరం తగిలింది. గొంగడి కప్పినా ముసలామె వణుకు ఆగలేదు. కుంపటి పెడదామంటే పొయ్యిలో బూడిదే మిగిలింది. అగ్గిపెట్టె బజార్లో కంటికి కనబడటం లేదు. జ్ఞానేశ్వరి పెంకు పట్టుకుని నిప్పుకు బయల్దేరింది. రెండిళ్ల వాళ్లు తలుపే తీయలేదు.

భారతమ్మ పొయ్యి వాకిట్లోకి కనిపించేలా మండుతోంది. జ్ఞానేశ్వరిని చూడగానే ఆమె గబగబా లోపలికి పోయి దీపం వెలిగించి వచ్చింది. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదంటారు గానీ, గోడమీద ఎండ ఇంకా పోలేదు.

“దీపం పెట్టినంక నిప్పియ్యరాదు చెల్లె. ఎరుకలేదా?”

“అత్తమ్మ వణుకుతుందక్కా. రెండు నిప్పులేస్తే సాలు.”

“ఇంటికి అరిష్టం. పో, ఎవరన్న చూస్తరు.”

ఆ ఆఖరి మాట ఒక్కటే నిజం.

జ్ఞానేశ్వరి ఖాళీ పెంకుతో తిరిగొచ్చి అత్తను ఒళ్లోకి తీసుకుంది. తన ఒంటి వేడి ఆమెకు చాలలేదు. తెల్లారేసరికి సాయవ్వ కట్టెలా బిగుసుకుపోయింది.

చావు కబురుతో వీధి కదిలింది. చావింటికి పోతే ఏ పోలీసూ అడగడు కదా! భారతమ్మ కుండనిండా కణకణలాడే నిప్పులు తెచ్చింది. పాడె ముందు మోసే నిప్పు ఇస్తే పుణ్యమట.

“ఏడ్వకు చెల్లె,” అంటూ తనే ఏడ్చింది. ఆ కన్నీళ్లు దొంగవి కావు. జ్ఞానేశ్వరికి ఒళ్లు మండిపోయింది. పంతులు తిరిగొస్తే చెప్పాలి, ఆ ‘కోల్డ్’ మాటకు మనిషి దొరికిందని.

“నిన్న గిందులకెల్లి రెండిస్తే సాలు గదక్కా,” అంది.

భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాడె లేచింది. కొడుకు పంతులు జైల్లో ఉన్నాడు గనక, ఆ నిప్పుకుండ పట్టుకుని భారతమ్మ భర్తే ముందు నడిచాడు.