నడుము వదులు, మణికట్టు బిగువు

నేను కుట్టిన చొక్కా ఒంటికి సరిపోలేదని ముప్పై ఏళ్లలో ఎవరూ అనలేదు. అన్నది మా అన్నయ్యే, అదీ కొట్టు నిండా మనుషులుండగా. మెడ గుండీ పట్టదు, చేతి గుండీ పట్టదు, నడుము దగ్గర మాత్రం ఇంకో మనిషి దూరేంత వదులు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మూడేళ్ల కిందటి కొలతలతోనే కదా కుట్టాను! నువ్వేమైనా చంటిపిల్లాడివా, పెరగడానికి?" అన్నాను.

సొంత అన్నే కదా, మళ్లీ కొలవడమెందుకనుకోవడం నా తప్పే. టేపు తీశాను. నడుము మూడంగుళాలు తగ్గింది. మణికట్టు అరంగుళం, మెడ అంగుళం పెరిగాయి. యాభై ఏళ్ల మనిషి ఒకచోట తరిగి మరోచోట పెరగడం నేనెక్కడా చూడలేదు. కోపం పోయి ఆరా మొదలైంది. చెప్పులు రెండు సైజులు పెరిగాయట. ఉంగరం ఎప్పుడో తీసేశాడట.

ఇంట్లో అప్పటికే వేరే గొడవ నడుస్తోంది. అన్నయ్యకి షుగరు, మందులేసుకున్నా దిగదు. దొంగచాటుగా తీపి తింటున్నాడని వదిన అనుమానం. తినలేదని అన్నయ్య ఒట్లు. "సన్నగానే ఉన్నాడుగా" అని నేనంటే, "ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆ షుగర్లో సగం కూడా నువ్వే పంచుకో" అనేది వదిన. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే.

కొలతల కాగితం పట్టుకుని ఇద్దర్నీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆమె కాగితం చదివి, అన్నయ్య చేతులు తిప్పి తిప్పి చూసి, రక్తపరీక్ష, తలకి స్కానింగు రాసింది. మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉందట. పెరుగుదల హార్మోనును అవసరానికి మించి వదులుతోందట.

"మరి నడుమెందుకు తగ్గింది?" నా సందేహం నాది.

"ఆ హార్మోను కొవ్వును కరిగిస్తుందమ్మా. కరిగింది రక్తంలోకొస్తుంది. అప్పుడు ఇన్సులిన్ ఉన్నా దాని మాట చెల్లదు. మనిషి సన్నబడుతుంటాడు, షుగరు పెరుగుతుంటుంది. పైగా కొవ్వంటే ఊరికే పడుండే మూట కాదు, అదీ హార్మోన్లు పంపుతుంది. లెప్టిన్ అని ఒకటుంది. ఒంట్లో నిల్వ చాలినంత ఉందని మెదడుకి కబురు చేసేది అదే. కొవ్వు తగ్గితే ఆ కబురూ తగ్గుతుంది."

"ఈయన ఆకలి ఆకలి అనేది అందుకేనా?" అడిగింది వదిన.

"అదొక్కటే కారణమని చెప్పలేను. షుగరు పెరగడానికి మాత్రం ఈ గడ్డ చాలు. తీపి ముట్టక్కర్లేదు."

ఆపరేషను చేసి ముక్కులోంచి ఆ గడ్డ తీసేశారు. ఆరు నెలలకి షుగరు దిగింది, నడుము రెండంగుళాలు పెరిగింది. మనిషికి పొట్ట వచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడటం మా ఇంట్లోనే చూశాను.

వదిన మాత్రం అన్నయ్య ఎదురుగా కూర్చుని, "మూడేళ్లు మిమ్మల్ని దొంగని చేశానండీ" అని ఏడ్చేసింది.

అన్నయ్య ఆమె పక్కకి జరిగి కూర్చున్నాడు.

"నువ్వే కాదులే. నిద్రలో లేచి తింటున్నానేమోనని, పడుకునే ముందు వంటింటి గడియకి దారం కట్టేవాణ్ణి. పొద్దున చూస్తే కట్టింది కట్టినట్టే ఉండేది. అయినా నన్ను నేను నమ్మలేదు."